నిప్పుటేరు నిలిచిన చోట

అగ్నిద్రవమా! నిన్ను చూడాలంటే సముద్రాలు దాటి హవాయి దాకా పోవాలంటారు. కిలవేయా కొండవాలున నువ్వు వెయ్యి డిగ్రీలు దాటిన వేడితో పొంగుతూ, పొర్లుతూ, గాలి సోకిన మరుక్షణం వెండిపొర కప్పుకుంటావట. ఆ పొర కిందే ఎర్రెర్రగా పాకుతూ, ముడతపడి, మోకులు పేనినట్టు చుట్టలు చుట్టుకుంటావట. చూసినవాళ్ల భాగ్యం చూసినవాళ్లది. గుర్రంకొండ కింద నిలబడి తలెత్తితే నాకు కనిపించేదీ నువ్వే.

ఎంత ఎత్తు, ఎంత ఠీవి, ఎంత మౌనం తల్లీ నీది! నీ నడుముకు కోటగోడలు, నీ పాదాల చెంత రంగీన్ మహల్. కోటను కాసే గుర్రం ఒకటుండేదనీ, అదున్నంత కాలం ఈ కొండకు ఓటమి లేదనీ, ఒక మరాఠా దొంగ దాన్ని తోలుకుపోయాడనీ కథ. మరాఠాలు వచ్చారు, మైసూరు వచ్చింది, నిజాం వచ్చాడు, కుంపిణీ వచ్చింది. ఎవరి జెండా ఎగిరినా నీ బండమీదే. వాళ్లందరికంటే 250 కోట్ల ఏళ్ల ముందు, మైళ్ల లోతున, చీకటి గర్భాన నువ్వు సలసల కాగావు. తొందరపడలేదు. లక్షల ఏళ్లు తీరిగ్గా చల్లారావు. అందుకే నీ ఒంట్లో ప్రతి రవ్వా కంటికి ఆనుతుంది: గాజుమెరుపుల పలుగురాయి, పాలవన్నె పలుకు, నడుమ తళుక్కుమనే కాకిబంగారం. పైనున్న నేలంతా ఎండకు పగిలి, వానకు కరిగి, ఏళ్లపొడుగునా కొట్టుకుపోయాకే నువ్వు వెలుగు చూశావు.

నీ వేగం మాత్రం చూడాలంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల పొలాల్లో చూడాలి. తెల్లబండ చీలికలోకి దూసుకొచ్చి, పరుగు మీదుండగానే నల్లగా బిగుసుకుపోయావక్కడ. అంచున వేలు పెడితే నునుపు, రవ్వన్నది తెలియదు. చల్లని బండ తగిలీ తగలగానే గడ్డకట్టావు. నడిమికి జరిగేకొద్దీ రవ్వ విచ్చుకుంటుంది, ముదురుతుంది; అక్కడ ఇంకా కాసేపు ఎర్రగానే ఉన్నావన్నమాట. జానెడు జానెడుగా చేయి జరుపుకుంటూ పోతే, నువ్వు ఆరిన వరసంతా అరచేతికి అందుతుంది. ఉడుకు లావా పక్కన నిలబడ్డవాడికి దక్కుతుందా ఈ స్పర్శ? నాకైతే ఇదే పెద్ద దర్శనం. ఆ నల్లరాతినే దిమ్మెలుగా కోసి, అద్దంలా సానపట్టి దేశాలకు పంపుతున్నారు. కొన్నవాళ్లకు అదొక వంటింటి గట్టు!

ఇంకా వెనక్కి పోతే నువ్వు నిజంగానే నేలమీద పారిన కాలముంది. కుప్పం పక్కన చిగురుగుంట బంగారు గనుల చుట్టూ ఉన్న నల్లపచ్చ రాయి, ఏనాటి సముద్రం అడుగునో నువ్వు కక్కిన లావాయే. నీళ్లలో బుసకొట్టి, బిగిసి, మళ్లీ మడతలుపడి, కాగి, నలిగి రూపమే మారిపోయింది. దాని పగుళ్లలోకి తర్వాతెప్పుడో పసిడి చేరింది. ఆ పట్టీయే ఉత్తరాన కోలారుకు సాగింది. అక్కడ మనుషులు 3 కిలోమీటర్లకు పైగా తవ్వుకుంటూ దిగారు. అట్టడుగున రాయి వేడి 60 డిగ్రీలు దాటింది. పైనుంచి చల్లగాలి పంపితే తప్ప కూలివాడు సుత్తి ఎత్తలేకపోయాడు. అంత దిగినా నీ వాకిలి దాకా కూడా రాలేదమ్మా!