కుమ్మరి చేతిలో పుట్టిన కంచు

1965లో చైనాలోని బావోజీ పట్నంలో పాతసామాన్లు కొనే చోట ఒక మ్యూజియం ఉద్యోగి కంట కంచు పాత్ర ఒకటి పడింది. కరిగించడానికి పోగేసిన తుక్కులో ఉందది. 30 యువాన్లకు మ్యూజియం దాన్ని తెచ్చుకుంది. పదేళ్లపాటు అందరికీ అదో పనితనం గల పాత పాత్ర, అంతే. 1975లో ప్రదర్శన కోసం బీజింగ్ పంపినప్పుడు నిపుణుడు మా చెంగ్‌యువాన్ లోపలికి చెయ్యి పెట్టి అడుగు తడిమి చూశాడు. చిలుము కింద ఏదో గరుగ్గా తగిలింది. శుభ్రం చేయిస్తే 122 అక్షరాలు బయటపడ్డాయి. జౌ వంశపు రాజు చెంగ్ ఇప్పటి లువోయాంగ్ దగ్గర కొత్త రాజధాని కట్టించిన సంగతి అందులో ఉంది. హె జున్ అనే ఆ పాత్రను ఇప్పుడు విదేశీ ప్రదర్శనలకు పంపడం నిషిద్ధం.

ఇలాంటివి రోజువారీ వంటకు వాడినవి కావు. షాంగ్, జౌ రాజవంశాల కాలంలో, అంటే సుమారు క్రీ.పూ. 1600 నుంచి, గతించిన పెద్దలకు మాంసం, ధాన్యం, మద్యం నివేదించడానికి చేయించినవి. మాంసానికి డింగ్, ధాన్యానికి గుయ్, మద్యానికి జుయే, జున్... ఒక్కోదానికీ ఒక్కో ఆకారం. ఎన్ని ఉండాలన్నది హోదాను బట్టి. జౌ ఆచారంలో రాజుకు తొమ్మిది డింగ్‌లు, ఎనిమిది గుయ్‌లు. కిందివాళ్లకు అంతకంతకూ తక్కువ. 1976లో అన్యాంగ్‌లో బయటపడిన ఫూ హావో సమాధిలో 468 కంచు వస్తువులున్నాయి. ఆమె షాంగ్ రాజు వూ డింగ్ భార్య, సేనల్ని నడిపిన మనిషి.

అసలు విశేషం పోతలో ఉంది. కంచు పోత అనగానే మనకు మైనం గుర్తొస్తుంది. ఆదిలాబాద్ ఓజాల డోక్రా బొమ్మైనా, చోళుల నటరాజైనా మైనంతో రూపం చేసి, మట్టి పూసి, మైనం కరిగిపోయాక ఆ ఖాళీలో లోహం పోసినవే. షాంగ్ పనివాళ్లు ఆ దారి పట్టలేదు. ముందు మట్టితోనే పాత్ర నమూనా చేశారు. దానిమీద మెత్తటి మట్టిని అదిమి, కాస్త ఆరాక ముక్కలుగా కోసి ఊడదీశారు. అవి బయటి అచ్చులు. తర్వాత ఆ నమూనానే గీకి సన్నం చేసేవారని చెబుతారు. ఎంత గీకితే పాత్ర గోడ అంత మందం. మిగిలిన దిమ్మె చుట్టూ అచ్చు ముక్కల్ని మళ్లీ పేర్చి, మధ్య ఖాళీ చెదరకుండా చిన్న కంచు బిళ్లలు ఇరికించి, రాగి, తగరం, సీసం కలిపి కరిగించి పోశారు. డింగ్‌లను ఎక్కువగా తలకిందులుగా నిలిపి పోసేవారు.

అందుకే ఈ పనిలో పెద్ద వాటా కుమ్మరిదే అనాలి. ఉత్తర చైనాలో గాలి మోసుకొచ్చి పరిచిన పసుపు మట్టి అతనికి కలిసొచ్చింది. కాలిస్తే పెద్దగా కుంచించుకుపోదు, సన్నని గీతను కూడా చెరగకుండా పట్టుకుంటుంది.

ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. అచ్చు ముక్కలు కలిసే చోట లోహం సందుల్లోకి పాకి గీతలుగా తేలుతుంది. అరగదీస్తే సరిపోయేది. కానీ చాలా పాత్రల మీద ఆ గీతల వెంటే పళ్లలాంటి నిలువు పట్టీలు లేపి, లోపాన్నే అలంకారంగా మలిచారు. ఈ పాత్రల మీద రెండు కనుగుడ్లు, వంకర కొమ్ములు, కింది దవడ లేని నోరు ఉండే తావోటియే అనే మృగ ముఖం నడిమి గీతకు అటూ ఇటూ సరిసమానంగా విచ్చుకుంటుంది. దాన్ని చూసి గూఢార్థాలు వెతికినవాళ్లు చాలామంది. అర్థం మాట ఎలా ఉన్నా, ఆ అమరికకు అచ్చు ముక్కల లెక్క బాగా కుదిరింది.

ఇక రంగు. మ్యూజియాల్లో ముచ్చటపడి చూసే ఆకుపచ్చ, మట్టిలో పడి ఉన్న శతాబ్దాలు పూసిన చిలుము. కొత్తలో ఇవి పసిడి వన్నెతో మెరిసేవి. కొనేవాళ్లకు మాత్రం చిలుమే ముద్దు. నకిలీలు చేసేవాళ్లకు అది తెలుసు కాబట్టి జిగురుతో చిలుము అంటిస్తారు. ఎక్స్‌రే తీస్తే ఆ పాత కంచు బిళ్లలు గోడలో ఉన్నాయో లేదో తేలిపోతుంది.

సేకరణ ఇప్పటి మోజు కాదు. 1092 నాటికే సోంగ్ రాజవంశ కాలపు పండితుడు ల్యూ డాలిన్ బొమ్మలతో, కొలతలతో, రాతల నకళ్లతో ఒక జాబితా గ్రంథం తయారుచేశాడు. ఆ కాలపు కవయిత్రి లీ చింగ్‌జావో, భర్త జావో మింగ్‌చెంగ్ ఒంటిమీది బట్టలు తాకట్టు పెట్టి మరీ శాసనాల నకళ్లు కొన్న దంపతులు. 1127లో జుర్చెన్ సేనల ధాటికి ఉత్తరదేశం చేజారినప్పుడు అన్నీ మోసుకుపోవడం కుదరలేదు. వదిలేసిన వాటిలో రాతలు లేని కంచు పాత్రలున్నాయని ఆమే రాసుకుంది. ప్రాణాల మీదికొచ్చిన వేళ కూడా ఆ ఇంట్లో అక్షరానిదే పైచేయి.

ఇప్పటి మార్కెట్ వేరే లోకం. 2017లో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో జపాన్ ఫుజితా మ్యూజియంవారి పొట్టేలు తలల జున్ 3.72 కోట్ల డాలర్లు పలికింది. పాత్ర ఎక్కడిది, ఎవరి చేతులు మారిందన్న కాగితాలు ఇప్పుడు పాత్రంత ముఖ్యం. చైనా పురావస్తువుల దిగుమతిపై అమెరికా 2009 నుంచి ఆంక్షలు పెట్టింది.

హునాన్‌లో దొరికిన మిన్ ఫాంగ్‌లేయ్ అనే పాత్ర మూత, ఒడలు విడిపోయాయి. మూత స్వదేశంలోనే నిలిచి 1956లో హునాన్ మ్యూజియం చేరింది. ఒడలు విదేశీ సేకరణల్లో తిరిగింది. 2014లో మళ్లీ వేలానికి వచ్చినప్పుడు హునాన్‌వాళ్లు ముందే బేరం కుదుర్చుకుని ఇంటికి తెచ్చుకున్నారు. మూత లోపల ఎనిమిది అక్షరాలు, ఒడలు లోపల ఆరు. రెండూ చెప్పేది ఒకటే: ఈ పాత్రను తండ్రి జీ కోసం చేయించారని.