ఆపి చూపవలసిన వీడియో

ఖగోళశాస్త్రంలో బోధించవలసిన విషయాలు చాలావరకు తరగతి గదిలోకి తెచ్చి చూపగలిగినవి కావు గనుక, మూడు నాలుగు నిమిషాల లఘు వీడియో ఉపాధ్యాయులకు సహజంగానే ఇష్టమైన సాధనమైంది. అయితే వీడియో ముగిశాక విద్యార్థికి అంతా అర్థమైనట్లు అనిపించడం వేరు, అంతకుముందే అతడి మనసులో స్థిరపడి ఉన్న తప్పుడు భావన తొలగిపోవడం వేరు. మొదటిది జరిగితే రెండవదీ జరిగిందనుకోవడమే ఈ బోధనలో ఎదురయ్యే పెద్ద ప్రమాదం.

అలాంటి భావనలు ఎంత బలమైనవో 1987లో అమెరికాలో తీసిన 'ఎ ప్రైవేట్ యూనివర్స్' అనే డాక్యుమెంటరీ చూపింది. ఋతువులు ఎందుకు మారతాయి, చంద్రకళలు ఎలా ఏర్పడతాయి అనే ప్రశ్నలలో ఏదో ఒకటి హార్వర్డ్ విశ్వవిద్యాలయ పట్టభద్రులను, పూర్వ విద్యార్థులను, అధ్యాపకులను అడిగితే, 23 మందిలో 21 మంది సరైన సమాధానం చెప్పలేకపోయారు. వేసవిలో భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుందన్నది వారి నోట వినిపించిన జవాబు. నిజానికి భూమి సూర్యుడికి అతి చేరువగా, అంటే సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలోకి వచ్చేది జనవరి మొదట్లో, తెలుగునాట సంక్రాంతికి ముందు చలి గట్టిగా ఉండే రోజుల్లోనే. అతి దూరంగా, సుమారు 15.2 కోట్ల కిలోమీటర్లకు వెళ్లేది జులై మొదట్లో. ఋతువులకు కారణం దూరం కాదు, భూమి తన చుట్టూ తాను తిరిగే ఊహారేఖ, అంటే అక్షం, సుమారు 23.5 డిగ్రీలు వంగి ఉండడం. దాదాపు వృత్తాకారంలో ఉన్న భూకక్ష్యను పక్కనుంచి చూస్తున్నట్లుగా సాగదీసి గీసే పాఠ్యపుస్తకాల బొమ్మ ఈ అపోహకు ఊతమిస్తుంది. అదే బొమ్మ యానిమేషన్‌లో కదలడం మొదలుపెడితే మరింత నమ్మదగినదిగా కనిపిస్తుంది.

తర్వాత 'వెరిటాసియం' వీడియోలతో ప్రసిద్ధుడైన డెరెక్ ముల్లర్ సిడ్నీ విశ్వవిద్యాలయంలో 2008లో సమర్పించిన పరిశోధన ఈ చర్చకు కీలకమైనది. విషయాన్ని సూటిగా, తేటగా వివరించిన భౌతికశాస్త్ర వీడియోలను విద్యార్థులు మెచ్చుకున్నారు గాని, పరీక్షలో వారి మార్కులు పెద్దగా పెరగలేదు. సాధారణంగా ఉండే అపోహను ముందు పాత్రల నోట పలికించి, ఆ తర్వాత దాన్ని సరిదిద్దిన వీడియోలు చూసినవారు మాత్రం తికమకగా ఉందంటూనే ఎక్కువ నేర్చుకున్నారు. తేటతనం దోషమని దీని అర్థం కాదు. తనకు ముందే తెలుసుననుకున్నవాడు తేటగా చెప్పినదాన్ని శ్రద్ధగా వినడు, విన్నా తన పాత భావనకు అనుకూలంగానే అర్థం చేసుకుంటాడు.

వీడియో తయారుచేసేవారు విస్మరించే మరో అంశం పరిమాణాల నిష్పత్తి. భూమికి, చంద్రుడికి మధ్య సగటు దూరం సుమారు 3,84,400 కిలోమీటర్లు, అంటే ముప్పై భూగోళాలను వరుసగా పేర్చితే పట్టేంత ఎడం. తెర చిన్నది కాబట్టి రెండింటినీ పక్కపక్కనే చూపుతారు; అది చూసిన పిల్లలు భూమి నీడ పడడం వల్లనే చంద్రకళలు ఏర్పడతాయనుకుంటే తప్పు వారిది కాదు. చంద్రుడి కక్ష్య సుమారు 5 డిగ్రీలు వాలి ఉన్నందున పున్నమి చంద్రుడు సాధారణంగా ఆ నీడకు పైనుంచో కిందనుంచో సాగిపోతాడని, అందువల్లనే ప్రతి పున్నమికీ గ్రహణం రాదని నిజమైన నిష్పత్తితో గీసిన ఒక్క చిత్రం చెప్పగలదు. ఆ చిత్రంలో తెరలో ఎక్కువ భాగం చీకటిగానే మిగిలిపోతుంది; అయినా ఆ ఖాళీని కొన్ని క్షణాలైనా చూపించే ధైర్యం తయారీదారులకు ఉండాలి.

లఘు వీడియోకు ఉత్తమమైన ఉదాహరణ 1971 ఆగస్టు 2న చంద్రుడిపై చిత్రీకరించినది. అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ ఒక చేతిలోని సుత్తిని, మరో చేతిలోని డేగ ఈకను ఒకేసారి వదిలితే, అడ్డుకునే గాలి లేనందున రెండూ ఒకేసారి నేలను తాకాయి. పడడానికి పట్టినది సెకనుకు కాస్త ఎక్కువ. ఎక్కడా ఆపకుండా చూపితే అది పిల్లలకు ఒక వింతగా మాత్రమే మిగులుతుంది. స్కాట్ వాటిని వదలబోయే క్షణంలో ఉపాధ్యాయులు వీడియోను ఆపి, ఏది ముందు పడుతుందో, ఎందుకో ప్రతి విద్యార్థి చేత నోటు పుస్తకంలో రాయించి, ఆ తర్వాతే మిగిలినది చూపించాలి.