నాదస్వరానికి ఎవరు తూకం వెయ్యాలి?

బెంగళూరు జె.పి. నగర్‌లో 2019లో మొదలైన ఇండియన్ మ్యూజిక్ ఎక్స్‌పీరియన్స్ మ్యూజియంలో బిస్మిల్లా ఖాన్ షెహనాయి ఉంది. పెళ్ళిగుమ్మాల దగ్గర వాయించే వాద్యాన్ని ఆయన 1937లో కలకత్తా సంగీత సమ్మేళనంలో కచేరీ వేదిక ఎక్కించారు. 2001లో భారతరత్న అందుకున్నారు. ఆ అద్దాల అర ఆయనకు దక్కడం మీద ఎవరికీ పేచీ లేదు. మ్యూజియం చూడడానికి వెళ్ళినప్పుడు, ఆ అర ముందే, పేచీ మా మేనల్లుడు తెచ్చిపెట్టాడు. "నాదస్వరం వాళ్ళలో ఒక్కరికే ఇలాంటి పీఠం వెయ్యమంటే ఎవరికి వేస్తారు మామయ్యా?" అన్నాడు. వాడు వయొలిన్ నేర్చుకున్నవాడు, బెంగళూరులోనే ఉద్యోగం. ఊరికే అడిగే రకం కాదు. జవాబు కూడా వాడి దగ్గరే ఉంది. మంచి రికార్డులుండాలి, రెండు గంటల కచేరీ ఒంటిచేత్తో నిలబెట్టి ఉండాలి, పేరున్న శిష్యులుండాలి. ఈ మూడూ ఉంటే అర్హత, లేకపోతే లేదు.

వినడానికి సబబుగానే ఉంది. కాకపోతే అవి గాత్రానికీ, వీణకూ, వయొలిన్‌కూ చెక్కిన తూకపురాళ్ళు. నాదస్వరం ఏం చేస్తుందో, ఎలా చేస్తుందో చూడకుండా వాటితో తూస్తే ముల్లు ఎటు మొగ్గుతుందో ముందే తెలుసు.

ఇప్పుడు వాయించేది బారి నాదస్వరం, రెండున్నర అడుగుల పొడుగుంటుంది. తమిళులు ఆచ్చా అనే చెట్టు, మనవైపు నారేపి, దాని చేవతో చేస్తారు. పచ్చికర్ర పనికిరాదు. పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు దొరికే దూలాల కోసం పనివాళ్ళు వెతుక్కుంటారు. వేళ్ళకు ఏడు రంధ్రాలు. అడుగున ఇంకో అయిదు ఉంటాయి గానీ వేళ్ళు అక్కడిదాకా పోవు. అవి శ్రుతి సరిచూసుకోవడానికి, కావలసినచోట మైనం పెట్టి మూస్తారు. పైకొసన పీక. సీవాళి అంటారు తమిళనాట. నది ఒడ్డున పెరిగే ఒకరకం గడ్డికాడను ఆరబెట్టి, ఉడికించి, అణచి, కోసి చేసిన రెండు పొరల నాలుక అది. వాద్యానికి జుంకీల్లా వేలాడేవన్నీ అలంకారమని పెళ్ళిళ్ళలో పిల్లలు అనుకుంటారు. అందులో అదనపు పీకలుంటాయి, పీకను సవరించుకునే సూది ఉంటుంది. రాగం మంచి పట్టులో ఉండగా పీక మొరాయిస్తే విద్వాంసుడి చెయ్యి వాటి మీదికే పోతుంది.

ఇక గమకం. వీణలో మెట్టు మీద తీగ లాగితే పలుకుతుంది, వయొలిన్‌లో వేలు జారితే పలుకుతుంది. నాదస్వరంలో వేలు సగమే పని చేస్తుంది, మిగతా సగం ఊపిరిదీ పెదవులదీ. రంధ్రాన్ని ఎంత తెరిచారు, పీకను పెదవులు ఎంత బిగించాయి, ఊదే బలం ఎంత అన్న మూడూ ఒక్కసారే కుదిరితే తోడిలో గాంధారం ఊగాల్సినట్టు ఊగుతుంది. పై స్థాయికి పోవడానికి కూడా ఊపిరే బలం పెంచాలి. విడివిడిగా స్వరాలు రాలాలంటే నాలుకతో పీకను కొట్టాలి. దాన్ని తుత్తుకారం అంటారు. ఇదంతా కూర్చుని, తలుపులు మూసిన హాల్లో చేసే పనైతే ఒక ఎత్తు. ఈ వాద్యం పెరిగింది వీధిలో. స్వామి ఊరేగింపు ముందు నడుస్తూ, మైకులేని కాలంలో, డోలు పక్కనే మోగుతుంటే వాయించాలి. విగ్రహం గుడి దాటేటప్పుడు గంభీరనాటలో మల్లారి. దానికి సాహిత్యం లేదు, గాయకుడికి అందులో పని లేదు. ఆ తర్వాత రాగాలాపన, రాత్రి ఎంత పొడుగో అంత. నిదానంగా, ఎక్కడా తొందరపడకుండా రాగాన్ని పరిచే పద్ధతి కచేరీ గాయకులకు చాలావరకు ఇక్కడినుంచే వచ్చింది. జి.ఎన్. బాలసుబ్రహ్మణ్యం పాటమీద టి.ఎన్. రాజరత్నం పిళ్ళై నాదస్వరం నీడ ఉందని ఆయన అభిమానులే చెబుతారు.

ఆ రాజరత్నం తోడి రికార్డు పేరు చెప్పగానే మా వాడి ముఖం వెలిగింది. "చూశారా, రికార్డు ఉంది కాబట్టే ఆయన మనకు తెలుసు" అన్నాడు. 78 ఆర్‌పీఎం పళ్ళెం ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర పడుతుందిరా, గంటల తరబడి సాగే తోడిని ఆరేడు నిమిషాలకు కుదించి మనకిచ్చారు, దాన్నిబట్టి మార్కులు వేస్తావా అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

పేరు మిగలని సంగతి ఇంకొకటి. 1962లో వచ్చిన 'మురిపించే మువ్వలు'లో ఎస్. జానకి నాదస్వరంతో పోటీపడి పాడిన పాట వినని తెలుగువాడు అరుదు. గొంతు ఎవరిదో అందరూ చెబుతారు. వాయించింది కారుకురిచ్చి అరుణాచలం అని ఎందరు చెప్పగలరు? మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి 1956లో తిరువీళిమిళలై సుబ్రహ్మణ్య పిళ్ళైకి ఇచ్చాక మళ్ళీ నాదస్వరం వైపు చూసింది 1998లో. రాజరత్నానికి ఆ బిరుదు రానేలేదు. దీనికి సంగీతమొక్కటే కారణమని నేననుకోను. ఆంధ్రలో ఈ వాద్యాన్ని ఎక్కువగా నాయీబ్రాహ్మణులూ, గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో ముస్లిం కుటుంబాలూ కాపాడాయి. తాళి కట్టేవేళ గట్టిమేళం అని కేకేసి, భోజనాలప్పుడు మేళగాళ్ళను చివరి పంక్తికి నెట్టిన ఊళ్ళు మనవి. చివరి పంక్తిలో కూర్చోబెట్టినవాడికి మొదటి వరసలో బిరుదు ఇవ్వడానికి చెయ్యి రాదు.

1998లో ఆ బిరుదు అందుకున్నది మనవాడే, షేక్ చిన మౌలానా. 1924లో ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టారు. చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. చేతిలో విద్య ఉండగానే తంజావూరు బాణీ మీద మనసుపడి, నాచ్చియార్‌కోయిల్ రాజం, దురైకణ్ణు సోదరుల దగ్గర మళ్ళీ శిష్యుడయ్యారు. శ్రీరంగంలో స్థిరపడి రంగనాథుడి సన్నిధిలో వాయించారు. 1977లో పద్మశ్రీ. 1999లో కన్నుమూశారు. ఆయన శిష్యులు కాలీషాబీ, మహబూబ్ సుభానీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మా మేనల్లుడి మూడు షరతులకూ ఇంతకంటే నిండైన జవాబు దొరకదు. "అయితే ఈయనకే" అని తేల్చేశాడు.

నా ఓటు మాత్రం వేరు. ఒక్కటే పీఠమైతే నరసింగంపేట రంగనాథన్ ఆచారికి ఇస్తాను. పూర్వం ఉన్నది తిమిరి, పొట్టి నాదస్వరం. నాలుగు, అయిదు శ్రుతుల్లో కీచుగా పలికేది, శుద్ధ మధ్యమం దానిలో సరిగా కుదిరేది కాదు. రాజరత్నం అడిగితే కొలతలు మార్చి, రంధ్రాలు సర్ది, పొడుగైన బారి వాద్యాన్ని తీర్చిదిద్దింది ఆ ఆచారి చెయ్యి. శ్రుతి రెండు, రెండున్నరకు దిగింది, గంభీరత వచ్చింది, కచేరీ వేదికకు దారి పడింది. చిన మౌలానా సహా తర్వాతివాళ్ళంతా నిలబడింది ఆ కొలతల మీదే. ఆ ఊరి నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

"ఆయన ఒక్క కచేరీ చెయ్యలేదు కదా" అన్నాడు వాడు.

"స్ట్రాడివేరియస్ ఎన్ని చేశాడురా?"

నవ్వాడు గానీ వదల్లేదు. "ఆ వయొలిన్లు ఇవాళ్టికీ మోగుతున్నాయి. మరి అద్దాల అరలో పెట్టిన నాదస్వరం ఏం చెబుతుంది? పీక లేకపోతే ఉత్త కర్ర." ఇది మాత్రం గట్టి దెబ్బే. పీక ఎండితే పోయింది, డోలు విద్వాంసుడి వేళ్ళకు తొడిగే గట్టి తొడుగులు అరిగితే పోయాయి. ఆ డోలు లేకపోతే మల్లారి మల్లారి కాదు. ఈ కళలో దాచగలిగినవి తక్కువ.

అందుకని పీఠం సంగతి పక్కన పెట్టి ఇంకొకటి అడిగాను. శ్రీరంగంలోనో తిరుమలలోనో ఒక వాహనసేవ మేళాన్ని మొదటినుంచి చివరిదాకా, కోతల్లేకుండా రికార్డు చేసి మ్యూజియంలో వినిపిస్తే ఎలా ఉంటుంది?

"గంటలకొద్దీ ఎవరు కూర్చుంటారు మామయ్యా?"

"కూర్చోవడం దేనికి? ఇక్కడికొచ్చినవాళ్ళంతా నడుస్తూనే ఉన్నారు కదా, నడుస్తూ వింటారు."