చూపుకి రంగు వేసేదెవరు?

వాలుచూపులు, ఓరచూపులు, బేలచూపులు - ఆడదాని చూపుకి మన సాహిత్యంలో ఉన్న పేర్లన్నీ ఎదురుగా నిలబడి చూసినవాళ్ళు పెట్టినవే. ఇప్పుడా పేర్లు పెట్టే పని సాఫ్ట్‌వేర్‌ చేతికి వచ్చింది. వెబ్‌ పేజీ చదువుతున్న మనిషి కళ్ళ మీద పరారుణ కాంతి ప్రసరింపజేసి, చూపు ఎటు తిరిగిందో సెకనుకి పదులసార్లు, వందలసార్లు నమోదు చేసే యంత్రం ఒకటి. ఆ అంకెల గుట్టలోంచి 'ఇక్కడ చూసింది, అక్కడ చూడలేదు' అని తేల్చే సాఫ్ట్‌వేర్‌ ఇంకొకటి. నా పేచీ రెండోదానితో.

చదివేటప్పుడు కన్ను సాఫీగా జారదు. గెంతుతుంది, ఆగుతుంది, మళ్ళీ గెంతుతుంది. ఎంతసేపు ఆగితే చూసినట్టు? స్వీడన్‌ కంపెనీ టోబీ సాఫ్ట్‌వేర్‌లో ముందే అమర్చిన లెక్క ప్రకారం, చూపు సెకనుకి 30 డిగ్రీల కంటే నెమ్మదిగా కదిలితే ఆగినట్టు. ఆ ఆగడం 60 మిల్లీసెకన్ల లోపే అయితే లెక్కలోంచి తీసేస్తారు. ఈ అంకెలు మార్చుకోవచ్చు, కానీ మార్చేవాళ్ళెందరు? తర్వాత పేజీ మీద గళ్ళు గీయాలి - ఇది మొహం, ఇది ధర, ఇది ప్రకటన అని. గీసేది చూసినామె కాదు, విశ్లేషకుడు. గడి బయట పడ్డ చూపుకి పేరుండదు. చివరికి అందరి చూపులూ కలిపి ఒక రంగుల పటం. ఎక్కువ చూసిన చోట ఎరుపు, చూడని చోట ఏ రంగూ ఉండదు. ఎరుపంటే ఇష్టమా, అర్థంకాక తడబాటా అన్నది పటం చెప్పదు. (బర్లిన్‌ ఫ్రీ యూనివర్సిటీలో తయారైన ఒగామా లాంటివి ఉచితం, లోపలి లెక్క తెరిచి చూసుకోవచ్చు. గళ్ళు మాత్రం అక్కడా మనిషే గీయాలి.)

2006లో జేకబ్‌ నీల్సన్‌ 232 మందిని పరీక్షించి, వెబ్‌ పేజీని జనం ఇంగ్లీషు 'ఎఫ్‌' అక్షరం ఆకారంలో చదువుతారన్నాడు. ఆ మరుసటి ఏడాది ఆయనా, కారా పెర్నీస్‌ కోయిన్‌ బయటపెట్టిన ఇంకో సంగతి మనకి ముఖ్యం. జార్జ్‌ బ్రెట్‌ అనే బేస్‌బాల్‌ ఆటగాడి ఫోటో ఉన్న పేజీలో ఆడవాళ్ళ చూపు మొహం దగ్గర ఆగిందట. మగవాళ్ళ చూపు మొహంతోపాటు తొడల మధ్యకీ వెళ్ళిందట. నవ్వుకోడానికి బాగానే ఉంది. కానీ ఆడవాళ్ళకి ఆసక్తి లేదని దీనివల్ల తేలిందా? ఎక్కడ చూడకూడదో చిన్నప్పటినుంచీ నేర్చుకున్న కళ్ళు అవి. పైగా తమ చూపుని యంత్రం రాసుకుంటోందని తెలిసి కూర్చున్న కళ్ళు. చూడకపోవడానికీ, చూపు తప్పించుకోవడానికీ పటంలో తేడా లేదు. రెండూ రంగులేని చోటే.

సోవియట్‌ శాస్త్రవేత్త యార్బస్‌ పుస్తకం ఇంగ్లీషులోకి వచ్చింది 1967లో. రేపిన్‌ వేసిన ఒకే చిత్రాన్ని చూపించి, ఈ కుటుంబం ఆస్తిపాస్తులెంత, వీళ్ళ వయసులెంత అని వేర్వేరు ప్రశ్నలు అడిగాడాయన. ప్రశ్న మారినప్పుడల్లా అదే మనిషి చూపు వేరే దారి పట్టింది. అంటే చూపు స్వభావం కాదు, సందర్భం. లారా మల్వీ 1975లో మగచూపు గురించి రాసినప్పుడు కూడా కనుగుడ్ల కదలికల్ని లెక్కపెట్టలేదు. కెమెరా ఎవరి చేతిలో ఉంది, చూసే హక్కు కథ ఎవరికిచ్చింది అని అడిగింది. 'స్త్రీలు ఇలా చూస్తారు' అనే నివేదికల్లో ఈ ప్రశ్నకి గడి లేదు.

అసలు ఎవరి కళ్ళు లెక్కలోకి వస్తున్నాయి? చాలా యంత్రాలు నల్లటి కనుపాపని వెతుక్కుంటాయి. మస్కారా పూసిన రెప్పల్ని చూసి కనుపాపని పొరబడతాయి. అందుకే పరీక్షకి మస్కారా పెట్టుకు రావద్దంటారు. స్వీడన్‌లోని లుండ్‌ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో కూడా, డేటా నాణ్యతని దెబ్బతీసేవాటిలో మస్కారా ఒకటి, కిందికి వాలిన రెప్పలు ఒకటి. కవులు మెచ్చుకున్న వాలురెప్పలు యంత్రానికి చెడ్డ డేటా! మన కాటుక కళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. చెడ్డ డేటాని తీసేశాక మిగిలినవాళ్ళ సగటుకే 'స్త్రీల చూపు' అని పేరు.

ఈ పరికరాలు దండగ అనడం లేదు. దరఖాస్తు ఫారంలో ఒకామె ఏ పదం దగ్గర ఆగిపోతోందో ఇవి బాగా పట్టిస్తాయి. ఆమె చూపు నడిచిన దారిని వీడియోగా ఆమెకే చూపించి, ఇక్కడెందుకు ఆగారని అడిగి రాసుకునే పద్ధతి కూడా ఉంది. దానికి రోజులు పడుతుంది. రంగుల పటం మీట నొక్కితే వస్తుంది.