కూడవలెనా, గుణింపవలెనా?

సాయంకాలము మా వీధియరుగుపై లెక్కల పుస్తకములతో వచ్చి కూర్చుండు ఎనిమిదవ తరగతి పిల్లలకు ఘాతాంకములను సూక్ష్మీకరించుట చెప్పునప్పుడు, సూత్రములన్నియు వల్లించి యప్పగింపగల బుద్ధిమంతుడు సైతము య² × య³ ఎదుట నొక క్షణము కలము నిలిపి, రెండును మూడును కూడవలెనా, గుణింపవలెనా యని నా వంక చూచుచుండును. నేను సమాధానము చెప్పను, విప్పి వ్రాయుమందును. య × య ఒక ప్రక్క, య × య × య మఱియొక ప్రక్క వ్రాసి వ్రేలు పెట్టి లెక్కించినవానికి ఐదు కానవచ్చును. (య²)³ అనగా య²ను ముమ్మాఱు వ్రాసి గుణించుటయని గ్రహించినవానికి ఆరు కానవచ్చును.

ఈ సందేహము నేటి బాలురది మాత్రమే కాదు. మన ప్రాచీన బీజగణితమున రెండవ ఘాతము వర్గము, మూడవది ఘనము, నాల్గవది వర్గవర్గము. ఘనవర్గమన్నచో ఆరవది, ఏలనన నచ్చట పేర్లు రెండును గుణింపబడును. మఱి ఐదవదానికేమి గతి? వర్గఘనఘాతమని చివర 'ఘాత' శబ్దమును చేర్చి, ఇచ్చట గుణింపక కూడుకొనుడని సూచించిరి. 628 నాటి బ్రహ్మస్ఫుటసిద్ధాంతమున బ్రహ్మగుప్తుడు పంచగతము, షడ్గతమని సంఖ్యనే పేరున నిలిపి యీ చిక్కును తప్పించెను. నా దృష్టిలో నిదియే మేలైన మార్గము. 1637లో డెకార్ట్ తన జ్యామితి గ్రంథమున చిన్న అంకెను అక్షరము భుజముపై నెక్కించెను గాని, ఆయనయు వర్గమును మాత్రము తఱచుగా అక్షరమును రెండుమాఱులు వ్రాసియే చూపెను!

2³ × 2⁵ ÷ 4³ అను లెక్కనిచ్చిన, 8ని 32తో హెచ్చవేసి, 256ను 64చే భాగించి 4 తెచ్చువానిది తప్పు కాదు. అయినను 4 వేషములోనున్న 2²ను గుర్తించి, 4³ను 2⁶గా మార్చి, ఎనిమిదిలో ఆరు తీసివేయువాని పని చూచుట నాకు మిక్కిలి యింపు. భూములు వేఱైనచో, 2³ × 3² వలె, ఘాతాంకములను కలుపరాదని చెప్పుట సులభము, చేతికి అలవఱచుట కష్టము.

సున్న ఘాతాంకమునకు విలువ ఒకటియని కంఠస్థము చేయించుట నాకు సమ్మతము కాదు. 2³, 2², 2¹ లకు వరుసగా 8, 4, 2 వ్రాయించి, మెట్టుమెట్టునకు సగమగుచున్నదని చూపి, తరువాతిదేమియని యడిగినచో ఒకటియని వాడే చెప్పును. అంతటితో నాగుమన్నను ఆగక, అర, పావు అనుచు, నేను పాఠము మొదలుపెట్టకమునుపే ఋణఘాతాంకములలోనికి దిగిపోవును.