చెయ్యి తిరిగేదాకా

గచ్చిబౌలి, రాయదుర్గం, మాదాపూర్ మేడల్లో కోడ్ రాసేవాళ్లతో పాటు బొమ్మలకు నడక నేర్పేవాళ్లు కూడా ఉన్నారు. ఛోటా భీమ్ పుట్టింది ఈ హైదరాబాద్‌లోనే. ‘ఈగ’ సినిమాలో ఈగకు ప్రాణం పోసి, 2012 సంవత్సరానికి స్పెషల్ ఎఫెక్ట్స్‌లో జాతీయ అవార్డు తెచ్చుకున్న మకుట సంస్థ పనిచేసిందీ ఇక్కడి నుంచే. ఈ పనివాళ్లను కొన్నేళ్లుగా నలిపేస్తున్న సమస్య ఒకటుంది. ఒక త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లు ఉన్నట్టుండి ఇంకోదానికి మారాల్సి వస్తోంది. మాయా నుంచి బ్లెండర్‌కు, త్రీడీఎస్ మ్యాక్స్ నుంచి మాయాకు, కొందరు హుడినీకి. మారమనేవాళ్లు చెప్పే మాట మాత్రం ఒక్కటే: ‘‘యానిమేషన్ వచ్చినవాడికి సాఫ్ట్‌వేర్ ఏదైతేనేం?’’ ఇందులో సగం నిజం ఉంది. మిగతా సగానికి ఖరీదును పనివాడు తన రాత్రులతో, ఏళ్లుగా సంపాదించుకున్న పేరుతో కడుతున్నాడు. మారాలని నిర్ణయించినవాళ్లే ఆ ఖరీదు భరించాలని నా వాదన.

నిజమైన సగాన్ని ముందు ఒప్పుకుందాం. ఒంటి బరువు ఏ కాలి మీద పడుతుంది, అడుగు వేసే ముందు నడుం ఎటు ఒరుగుతుంది, దెబ్బ తగిలిన ఎన్ని ఫ్రేములకు తల వెనక్కి వాలుతుంది అన్న తెలివి ఏ కంపెనీ సొత్తూ కాదు. డిస్నీ స్టూడియోలో 1930లలో కాగితం మీద రూపు దిద్దుకున్న సూత్రాలనే ఇవాళ్టికీ పాటిస్తున్నాం. కానీ ఆ తెలివి తెర మీదికి వేళ్ల గుండానే రావాలి. మాయాలో ‘ఎస్’ నొక్కితే అప్పటికి ఉన్న భంగిమను ఆ ఫ్రేములో నిలిపే గుర్తు, అంటే కీ, పడుతుంది. రోజంతా నొక్కుతూనే ఉండే మీట అది, వేలు దాన్ని వెతుక్కోదు. బ్లెండర్‌లో అదే ‘ఎస్’ నొక్కితే సైజు మార్చే పని మొదలవుతుంది. మణికట్టును సరిచేసి, కీ పడిందనుకుని మౌస్ కదిపిన యానిమేటర్ కళ్లముందే ఆ మణికట్టు కంట్రోలర్ ఉబ్బుతుంది, మౌస్ ఇటు జరిపితే కుంచించుకుపోతుంది. అక్కడ కీ వేయడానికి నొక్కాల్సింది ‘ఐ’. ‘ఆర్’ నొక్కితే మాయాలో సైజు మారుతుంది, బ్లెండర్‌లో వస్తువు తిరుగుతుంది. మాయాలో టైమ్‌లైన్ మీద మధ్య బటన్‌తో లాగితే భంగిమ అలాగే ఉండి ఫ్రేము మాత్రం జరుగుతుంది. చేరిన చోట ‘ఎస్’ కొడితే పాత భంగిమ అక్కడ నిలబడుతుంది. మాయా యానిమేటర్లు ఆలోచించకుండా చేసే ఈ పనికి కొత్త చోట వేరే దారి పట్టాలి. ఆ దారి గుర్తు తెచ్చుకునే లోపు మనసులో ఆడుతున్న కదలిక చెదిరిపోతుంది. ఏ టైమ్‌షీట్‌లోనూ రాయలేని నష్టం ఇది.

తెలుగు పత్రికల్లో, ప్రెస్సుల్లో డీటీపీ చేసినవాళ్లకు ఈ బాధను విడమరిచి చెప్పనక్కర్లేదు. అను ఫాంట్లతో, యాపిల్ కీబోర్డు మీద, తెరవైపు చూడకుండా పేజీలు కొట్టిన ఆపరేటర్‌ను యూనికోడ్ ఇన్‌స్క్రిప్ట్ ముందు కూర్చోబెట్టండి. తెలుగు మీద అంత పట్టున్న మనిషీ ఒక్కో ఒత్తు కోసం తడుముకుంటాడు. పేజీ లెక్కన కూలి తీసుకునేవాడైతే వేగం తిరిగి వచ్చేదాకా అతని సంపాదన పడిపోతుంది. అతనికి మారింది మీటలే, యానిమేటర్‌కు పని తీరే మారిపోతుంది. ‘‘బ్లెండర్‌లోనూ మాయా మీటలు పెట్టుకోవచ్చు కదా’’ అన్న సలహాతో నాకు తృప్తి కలగనిది అందుకే. 2019 జూలైలో వచ్చిన బ్లెండర్ 2.80లో ఎడమ క్లిక్‌తో ఎంచుకోవడం మామూలైంది, ఇతర సాఫ్ట్‌వేర్ల నుంచి వచ్చేవాళ్ల కోసం వేరే మీటల అమరిక కూడా చేర్చారు. ఎంతో మేలు చేసిన మార్పు అది, కాదనను. అయినా వేరే ఫైల్లో ఉన్న పాత్రను షాట్‌లోకి తెచ్చుకునే పద్ధతి, ఒక కదలిక మీద ఇంకో పొర పేర్చే తీరు మీటలు మార్చినంత మాత్రాన మారవు. పైగా బ్లెండర్ పాఠాల్లో ఎక్కువ భాగం దాని సొంత మీటలతోనే సాగుతాయి. పాత మీటలు ఉంచుకున్నవాడు ప్రతి పాఠాన్నీ మనసులో మార్చుకుంటూ చదవాలి.

చేతి సంగతి ఇలా ఉంటే, చేసిన పని గతి ఇంకో రకం. మాయాలో పైకి చూసే అక్షం వై, బ్లెండర్‌లోనూ మ్యాక్స్‌లోనూ జెడ్. మాయా మామూలుగా సెంటీమీటర్లలో కొలుస్తుంది, బ్లెండర్ మీటర్లలో. ఎగుమతి చేసేటప్పుడు ఒక్క టిక్కు తప్పితే నిలబడాల్సిన పాత్ర వెల్లకిలా పడి ఉంటుంది, లేదా వంద రెట్లు పెరిగి కూర్చుంటుంది. ఇది అరగంటలో సర్దుకునే చికాకే. పాత్రను ఆడించడానికి కట్టే అమరిక, అంటే రిగ్, అలా సర్దుకోదు. సాఫ్ట్‌వేర్ల మధ్య పనిని మోసే ఎఫ్‌బీఎక్స్ ఫైల్లో బొమ్మ ఆకారం, ఎముకలు, కదలిక వెళ్తాయి గానీ, రిగ్గర్ నెలల తరబడి కట్టిన కంట్రోలర్లు, వాటిని ఒకదానితో ఒకటి ముడివేసిన సూత్రాలు వెనకే ఉండిపోతాయి. కదలికైనా కాల్చిన రూపంలో, అంటే ప్రతి ఫ్రేముకూ ఒక కీతో వస్తుంది. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున పది సెకన్ల షాట్‌లో ఒక మోచేతికి యానిమేటర్ డజను కీలు వేసి ఉంటే, అవతలికి చేరేసరికి ఒక్కో ఛానెల్‌లో 240 ఉంటాయి. డైరెక్టర్ వచ్చి ‘‘చెయ్యి కాస్త ఆలస్యంగా లేవాలి’’ అంటే డజను కీలలో ఒకదాన్ని జరిపితే సరిపోయే దిద్దుబాటుకు పని మళ్లీ మొదటి నుంచి చేయాలి. పిక్సార్ 2016లో అందరికీ విడుదల చేసిన యూఎస్‌డీ అనే ఫైల్ పద్ధతి వచ్చాక సెట్లు, ఆకారాలు, రంగులు, లైట్లు ఒక చోటి నుంచి ఇంకో చోటికి చక్కగా చేరుతున్నాయి. పాత్రను ఆడించే రిగ్ విషయంలో అంత సౌకర్యం ఇంకా రాలేదు. అందరికంటే ఎక్కువ ఇబ్బంది యానిమేటర్‌కే ఎందుకో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇష్టపడి మారేవాళ్లు తక్కువ, మార్చబడేవాళ్లే ఎక్కువ. జురాసిక్ పార్క్ డైనోసార్లను కదిలించిన సాఫ్ట్‌ఇమేజ్‌ను 1994లో మైక్రోసాఫ్ట్ కొంది, 1998లో ఎవిడ్ కొంది, 2008లో మాయా, మ్యాక్స్ అమ్మే ఆటోడెస్క్ కొంది. 2014 మార్చిలో, రాబోయే వెర్షనే చివరిదని ప్రకటన వెలువడింది. వాడకందార్లకు మాయా లేదా మ్యాక్స్ లైసెన్సు ఇస్తామన్నారు, ఇచ్చారు కూడా. దశాబ్దం పాటు వేళ్లకు పట్టిన అలవాటుకు పరిహారం ఊసే లేదు. ఇంకో ఉదాహరణ హైదరాబాద్‌కు బాగా దగ్గరిది. ‘లైఫ్ ఆఫ్ పై’లో పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్‌కు ఇక్కడా శాఖ ఉండేది. ఆ సంస్థ వూడూ అనే సొంత సాఫ్ట్‌వేర్‌లో యానిమేషన్ చేసేది. 2013 ఫిబ్రవరిలో, ఆ సినిమాకు ఆస్కార్ వచ్చిన నెలలోనే, మాతృసంస్థ దివాలా పిటిషన్ వేసింది. అలాంటి సొంత సాఫ్ట్‌వేర్‌లో చెయ్యి తిరిగిన మనిషి గేటు దాటితే, ఆ నైపుణ్యం పేరు అడిగే ఉద్యోగ ప్రకటన ఊళ్లో ఇంకొకటి ఉండదు. అతని తప్పేమీ లేకుండానే బయోడేటాలో కొన్నేళ్లు చెల్లకుండా పోతాయి.

‘‘మరి ‘ఫ్లో’ సంగతేమిటి?’’ అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. లాత్వియా దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ తన ముందటి సినిమా ‘అవే’ను మాయాలో చేసి, ‘ఫ్లో’కు బ్లెండర్ ఎంచుకున్నాడు. 2025 మార్చిలో దానికి ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. అయితే ఆ ఎంపిక ఆయన సొంతం, సినిమా సొంతం, ఐదేళ్లకు పైగా సాగిన గడువూ ఆయన చేతిలోనిదే. కొత్త సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టిన నెలలు కూడా ఆయన సినిమాకే చెందాయి. రోజుకు ఇన్ని సెకన్లు అప్పజెప్పాలన్న కోటా కింద, ఇంకొకరి సినిమాలో పదో షాట్ చేసే అమ్మాయికి ఆ నెలలు ఎవరు ఇస్తున్నారు? మారడం తప్పని నేను అనడం లేదు. బ్లెండర్ ఈ స్థాయికి ఎదగడం చూస్తే నాకు గర్వంగా కూడా ఉంటుంది. 2002లో వాడకందార్లు లక్ష యూరోలు చందాలేసి బయటికి తెచ్చి, అందరిదీ చేసుకున్న పనిముట్టు అది. కంపెనీ మూసేస్తే మాయమైపోయే ప్రమాదం దానికి లేదు, సాఫ్ట్‌ఇమేజ్ వాళ్ల గతి రేపు దాని వాడకందార్లకు పట్టదు.

ఇంకో అభ్యంతరం ఈ ఐటీ కారిడార్‌లో సహజంగానే వస్తుంది. పక్క ఆఫీసులో జావా వాళ్లు పైథాన్ నేర్చుకోవడం లేదా, వాళ్లెవరూ ఇంత గోల పెట్టలేదే అని. నేర్చుకుంటున్నారు, జీతం తీసుకుంటూ. ప్రాజెక్టు లేనప్పుడు బెంచ్ మీద ఉంచి, కొత్త టెక్నాలజీలో శిక్షణ ఇచ్చి, మళ్లీ ప్రాజెక్టులో వేసే పద్ధతి ఐటీ కంపెనీలే అలవాటు చేశాయి. ఈమధ్య ఆ బెంచ్ పొట్టిదైనా, నేర్చుకునే కాలం కంపెనీ ఖర్చే అన్న సూత్రం పూర్తిగా పోలేదు. అదే వీధిలో యానిమేటర్ మాత్రం శనాదివారాల్లో, అర్ధరాత్రి దాటాక, సొంత ల్యాప్‌టాప్ మీద నేర్చుకుని సోమవారానికి పాత వేగంతో కనిపించాలి. కనిపించకపోతే ‘స్లో’ అన్న ముద్ర పడుతుంది. రాష్ట్ర ప్రభుత్వం 2016లో ఈ రంగానికే ఇమేజ్ పేరుతో ఒక విధానం ప్రకటించి, రాయదుర్గంలో టవర్ తలపెట్టింది. భవనాలతో పాటు మనుషులు కొత్త పనిముట్టుకు మారే కాలానికి కూడా ఆ విధానంలో చోటు దొరకాలి. శిక్షణ సంస్థలూ విద్యార్థులకు ఉచితంగా దొరికే ఒకే ఒక్క ప్యాకేజీ చుట్టూ కోర్సంతా అల్లకుండా, రెండో ఏడాదిలోనైనా ఇంకోదాన్ని చేతికివ్వాలి.

చిన్న స్టూడియోలకు ఇది మోయలేని బరువంటారు. వాళ్లకు బ్లెండర్ వైపు చూడాలనిపించింది ఎందుకో గుర్తు చేసుకుంటే లెక్క అంత కష్టం కాదు. ఆటోడెస్క్ 2016లో శాశ్వత లైసెన్సులు అమ్మడం ఆపి చందా పద్ధతికి వెళ్లాక ప్రతి సీటుకూ ఏటా కట్టాలి. అమెరికాలో మాయా ధర 2024లో ఏడాదికి 1,900 డాలర్ల చుట్టూ ఉండేది. ఇక్కడి ధర ఎంతైనా, పది సీట్లున్న స్టూడియోకు అది చిన్న మొత్తం కాదు. ఉచితంగా దొరికే బ్లెండర్‌కు మారిన ఏడాది ఆ చందా మిగులుతుంది. ఆ మిగులును కొత్త గ్రాఫిక్స్ కార్డులకు మళ్లించే ముందు, మొదటి మూడు నెలలు కోటా సగానికి తగ్గించి పూర్తి జీతం ఇవ్వడానికి, రిగ్గర్‌ను యానిమేటర్ల పక్కనే కూర్చోబెట్టడానికి వాడాలి. క్లయింటుకు పంపే కొటేషన్‌లో రెండరింగ్‌కు ఒక పద్దు ఉంటుంది, లైసెన్సులకు ఒక పద్దు ఉంటుంది. వాటి కింద మారే కాలానికి ఇంకో పద్దు రాయమని టీమ్ లీడ్‌లు వచ్చే బడ్జెట్ మీటింగ్‌లోనే అడగాలి.