మోటారు పందెములు – సహృదయ ప్రేక్షకుడు

మన సంఘపు సంచికలలో బుర్రకథను గూర్చి, పద్యనాటకమును గూర్చి, బతుకమ్మ పండుగను గూర్చి వ్యాసములు వచ్చుట పరిపాటి. మోటారు పందెములను గూర్చి వ్రాయబూనిన మమ్ము చూచి పాఠకులు నవ్వుకొనవచ్చును. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, భివండిలో లారీ రవాణా కార్యాలయమున బిల్లులు వ్రాసి విశ్రాంతి పొందిన గుమాస్తాకు ఈ విషయముతో పనియేమని అడుగవచ్చును. కాని పదిమంది గుమిగూడి చూచునది ఏదైనను దృశ్యమే. దృశ్యమైనదానికి గుణదోష విచారణ తప్పదు. నాటకమునకు సహృదయుడైన ప్రేక్షకుడు ఎంత అవసరమో, పందెమునకును అంతే అవసరమని మా నమ్మకము. ఆ నమ్మకము ఎట్లు కలిగినదో, అది ఎంతవరకు నిలుచునో పరిశీలించుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

మోటారు పందెములు ప్రధానముగా రెండు తెగలు. పందెము కొరకే ప్రత్యేకముగా నిర్మించిన బండ్లతో జరుగునది ఒకటి. కర్మాగారమునుండి వెలువడి, అంగడిలో అమ్ముడుపోయి, నిత్యము వీధిలో తిరుగు కార్లనే సానబట్టి పరుగెత్తించునది రెండవది. ఈ రెండవ తెగకు అమెరికాలో స్టాక్ కారు పందెమని పేరు. మన దేశమున ఆ పేరు అంతగా వాడుకలో లేకపోయినను, ఆ వస్తువు మాత్రము ఉండెను. యుద్ధకాలపు విమానపథములే దానికి రంగస్థలములు. బొంబాయిలో జుహూ, కలకత్తా చెంత బారక్‌పూరు, మదరాసు చెంత షోలవరము అట్టివి. నేడు ఆ మూడింటను పందెములు లేవు.

షోలవరము మదరాసునకు ఉత్తరమున, రెడ్ హిల్స్ దాటిన పిమ్మట, నెల్లూరు పోవు రహదారి చెంతనున్నది. రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానపథమది. 1953లో ఏర్పడిన మదరాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువారు అచ్చట ఏటేటా పందెములు నడిపిరి. 1980 ప్రాంతమున, బంధువుల పెండ్లికై మదరాసు వెళ్లినపుడు, మా మేనమామ మమ్ము అచ్చటికి తీసికొనిపోయెను. ఆయన చాకలిపేటలో కాపురముండి, లారీల మరమ్మతు చేయు షెడ్డులో మేస్త్రీగా పనిచేయుచుండెడివాడు. ఎండ తీవ్రముగా నుండెను. దుమ్ము కండ్లలో పడుచుండెను. బాటకును జనమునకును మధ్య మేము నిలిచిన చోట గడ్డిమోపులు తప్ప వేరు రక్షణ లేదు. లారీ డ్రైవర్లు, క్లీనర్లు, షెడ్లలో పనినేర్చుకొను కుర్రవాండ్రు, కళాశాల విద్యార్థులు భుజములు రాచుకొని నిలిచియుండిరి. అరవము, తెలుగు, దక్కనీ ఉర్దూ కలగలిసి వినవచ్చుచుండెను.

మేము ఏ కారు ముందున్నదో చూచుటకు మునివేళ్లపై నిలుచుచుండగా, మామ మా భుజము తట్టి ఇట్లనెను: "అల్లుడా, జర కండ్లు మూసుకొని ఇను. ముందల పోయే ఫియట్ గొంతు సాఫుగున్నది. ఎనుకాల అంబాసిడర్ మలుపుకాడ మూల్గుతున్నది సూడు. ఇంక రెండు సుట్లకంటె ఎక్కువ నడువది."

ఆ అంబాసిడర్ మూడవ చుట్టులో పొగ విడిచి ప్రక్కకు తొలగినది. మామ లెక్క ఒక చుట్టు తప్పినది. అందుకాయన నొచ్చుకొని, కారణమేమైయుండునని ప్రక్కనున్న క్లీనరుతో వాదమునకు దిగెను. వారిరువురును ఆనాడు ఎవరు గెలిచినారో పట్టించుకొనలేదు. మాకును జ్ఞాపకము లేదు. జ్ఞాపకమున్నది ఆ వాదము.

కాలము గడచిన కొలది ఆ వాదపు విలువ మాకు తెలిసివచ్చినది. కుర్లాలో తయారైన ఫియట్, ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్, మదరాసులోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఆ ప్రేక్షకులకు చేతితో తాకి, విప్పి, బిగించి ఎరిగిన యంత్రములు. తాను నిన్న షెడ్డులో చూచిన కార్బురేటరు నేడు బాటపై ఏమి చేయుచున్నదో వారు చెవితోనే పసిగట్టుచుండిరి. రాగమెరిగినవాడు కచేరీలో అపస్వరమును పట్టుకొనుట వంటిదే ఇది. వస్తువు తెలిసినది, ప్రయోగము క్రొత్తది. తెలిసిన కథను నాటకముగా చూచువాడు కథకై రాడు, నటుడు దానినెట్లు నడిపించునోయని వచ్చును. స్టాక్ కారు పందెమునకు కళాగౌరవము దక్కవలెనన్నచో, ఈ కారణముచేతనే దక్కవలెను.

ఈ పందెపు పుట్టుకను చూచినచో మా మాటకు బలము చేకూరును. అమెరికా దక్షిణ రాష్ట్రములలో దొంగసారాను రాత్రివేళ చేరవేయుచు, పోలీసుల కండ్లు గప్పుటకై సాధారణపు కార్లనే వేగవంతములుగ మలచినవారు తొలిదశ పందెగాండ్రలో పలువురు. 1948లో నాస్కార్ అను సంస్థ నెలకొన్నది. 1949 జూన్ 19న షార్లెట్ పట్టణమున, మార్పులు చేయని కార్లకే పరిమితమైన తన పందెముల వరుసలో తొలిదానిని ఆ సంస్థ నడిపెను. మొదట గమ్యము చేరిన గ్లెన్ డనవే కారు వెనుక స్ప్రింగులు బిగించి మార్చబడినవని తనిఖీలో తేలినది. అది సారా మోయుటకు వాడిన కారు. గెలుపు జిమ్ రోపరునకు దక్కినది. వీధి బండిని ఎంతవరకు మార్చినచో అది ఇంకను వీధి బండియేనను ప్రశ్న తొలిదినముననే పుట్టినది. ప్రేక్షకునకును బండికిని గల పరిచయము ఎచ్చట తెగిపోవునను ప్రశ్నయు అదియే. నేటి నాస్కార్ కార్లు పందెమునకే నిర్మించినవి. పాతపేరు మాత్రము నిలిచినది.

ఆ తొలి పందెములు పాతుకొన్న కరొలైనా ప్రాంతము నూలుమిల్లుల సీమ. మగ్గముల నడుమ వారమంతయు గడపిన కూలీలు సెలవునాడు మట్టిబాటల చుట్టు చేరెడివారు. భివండి పాఠకులకు ఆ దృశ్యము ఊహింప కష్టము కాదు. హిల్స్‌బరో చెంత ఆకొనీచీ అను మట్టిబాట 1949లో నాస్కార్ తొలి సంవత్సరపు పందెములకు వేదికయైనది. 1968లో అది మూతబడినది. బాటపై వృక్షములు మొలచి నేడది అడవి. అయినను ఆ ప్రదేశమును చారిత్రక స్థలముగా నమోదు చేసి, పాతబాట వెంట జనులు నడచుటకు కాలిదారిని నిలిపినారు. నార్త్ విల్క్స్‌బరో బాటను 1996లో విడిచిన నాస్కార్ పందెములు 2023లో మరల అచ్చటికి వచ్చినవి. మన షోలవరమునకు అట్టి భాగ్యము కలుగలేదు. 1990లో శ్రీపెరుంబుదూరు చెంత ఇరుంగాట్టుకోట్టైలో శాశ్వతమైన పందెపుబాట ఏర్పడెను. భద్రత పెరిగినది. అది మంచిదే. కాని పాత విమానపథము స్మృతిలోనికి జారిపోయినది.

ఇక మన తెలుగునాట జరిగిన ముచ్చట. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ చెంత ఫార్ములా–ఇ అను విద్యుత్ కార్ల పందెము జరిగినది. మన దేశమున ఆ పందెము జరుగుట అదియే ప్రథమము. రమారమి రెండు కిలోమీటర్ల ఎనిమిదివందల మీటర్ల వీధిబాట, పదునొకండు జట్లు, ఇరువదిరెండు కార్లు. ఫ్రాన్సు దేశీయుడు ఝాఁ ఎరిక్ వేర్న్ గెలిచెను. మేము మా కుమారుని ఇంట దూరదర్శినిలో చూచితిమి. సాగరము, బుద్ధవిగ్రహము, ఆ నడుమ బాణములవలె కార్లు కనబడగా తెలుగువారమైన మాకు గర్వము కలుగకపోలేదు. కాని అరగంటలో గర్వము సడలినది. ఆ కార్లలో ఏది మూల్గుచున్నదో మాకు తెలియలేదు. తెరపై అంకెలు చెప్పినవే మేము నమ్మవలసివచ్చినది. మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో జరుగవలసిన పందెము, నెలకు ముందే, 2024 జనవరిలో రద్దయినది. బాట మరల మామూలు వీధియైనది.

విద్యుత్ కారుపై మాకు ద్వేషము లేదు. మా మనుమడు ఇంటి విద్యుత్ స్కూటరు శబ్దమును బట్టి దాని చక్రపు లోపమును చెప్పగలడు. నేటి ఆటోలు విద్యుత్తుతో నడుచుచున్నవి, వానిని బాగుచేయు కుర్రవాండ్రు వీధివీధిని పుట్టుచున్నారు. వారెరిగిన బండ్లను పరుగెత్తించినచో వారే సహృదయులగుదురు. కావున పెట్రోలు పొగతో కళ అంతరించినదనుట అవివేకము. వేడుకకై తెచ్చినదానికి ఊరిలో వేరు లేకపోవుటయే మేము ఎంచు దోషము.

పాతకాలమును మెచ్చుకొనువారు దాని దోషములను దాచరాదు. గడ్డిమోపుల వెనుక నిలిచిన మేము ప్రాణములతో ఇంటికి వచ్చుట అదృష్టము. 1955లో ఫ్రాన్సునందలి లెమాన్ పందెమున ఒక కారు జనముపై పడి ఎనుబదిమందికి పైగా మరణించిరి. ఇది శరీరమునకు సంబంధించిన దోషము. అంతకన్న లోతైనది న్యాయమునకు సంబంధించినది.

వర్జీనియాలో డాన్విల్ అను నూలుమిల్లుల పట్టణమున వెండెల్ స్కాట్ అను నల్లజాతీయుడుండెను. మిల్లు పనికి పోక, టాక్సీ నడిపి, మరమ్మతు షెడ్డు పెట్టుకొని, తన కారును తానే బాగుచేసికొని పందెములకు పోయెడివాడు. 1963 డిసెంబరు 1న ఫ్లారిడాలో జాక్సన్‌విల్ బాటపై ఆయన అందరికంటె ముందు గమ్యము చేరెను. జెండా ఆయనకు ఊపలేదు. గెలుపు బక్ బేకరునకు ప్రకటించిరి. కొన్ని గంటల పిమ్మట, జనము ఇండ్లకు వెడలిన తరువాత, లెక్క తప్పినదని ఒప్పుకొనిరి. ఆనాటి అసలు జ్ఞాపిక ఆయనకు బ్రతికియుండగా చేరలేదు. ఆయన 1990లో మరణించెను. ఆయన కుటుంబమునకు ఆ జ్ఞాపిక 2021లో అందినది.

ఇచ్చట మా సిద్ధాంతమునకు ఒక దెబ్బ తగులుచున్నది. ఆనాటి ప్రేక్షకులు యంత్రమును బాగుగా ఎరిగినవారే. ఎవరి కారు ముందు పోయినదో కన్నున్నవారికి తెలియకపోదు. అయినను బాట నడుపువారు ఆయనకు జెండా ఊపలేదు, ఆ సాయంకాలము ఆయన గెలుపు చాటబడలేదు. యంత్రపు గొంతు వినగలిగినంత మాత్రమున మనిషికి న్యాయము జరుగదు. సహృదయుడనుటకు చెవి చాలదు, హృదయమును కావలెను. ఈ సవరణతో మా మాటను పాఠకులు స్వీకరింతురుగాక.

షోలవరము కథలు చెప్పుకొనునపుడు మనమును ఇట్టి తప్పే చేయుచున్నాము. ఏ సంస్థానాధీశుడు ఏ విదేశపు కారు తెచ్చెనో, ఏ పారిశ్రామికుని కుమారుడు గెలిచెనో చెప్పుకొందుము. ఆ కార్ల క్రింద రాత్రంతయు పండుకొని నట్లు బిగించినవారి పేర్లు మన జ్ఞాపకములలో లేవు.

భివండిలో ఈ విషయమును వ్రాయుటకు కారణము చెప్పి ముగింతుము. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి వచ్చిన మన పద్మశాలీ కుటుంబములు ఈ ఊర సాంచాల నడుమ తరములు గడపినవి. 1982 నాటి బొంబాయి మిల్లుల సమ్మెకు ముందును, పిమ్మటను, ఆ మిల్లులు విడిచిన పాత మగ్గములెన్నో ఇచ్చటికి చేరినవి. వానిని విప్పి, బిగించి, మరల పలికించినవారు మన జాబర్లు. నలుబది సాంచాల హోరులో ఏ సాంచా నాడె సరిగా కొట్టుకొనుట లేదో గుమ్మమున నిలిచి చెప్పగలవారిని మేమెరుగుదుము. నేడు నాడె లేని రేపియర్ మగ్గములు వచ్చుచున్నవి. పాత సాంచాలు ఇనుము తూకమునకు పోవుచున్నవి. పోనిండు, యంత్రము పోక తప్పదు. కాని ఆ వినికిడి ఎట్టిదో, దానిని ఎవరివద్ద నేర్చుకొనిరో, దానికి కూలి ఎంత దక్కెనో ఎవరు వ్రాసినారు?

మా మామ గతించి చాలకాలమైనది. ఆ అంబాసిడర్ మూడవ చుట్టువరకు ఎట్లు నిలిచినదని ఆయన మదరాసు చేరువరకు బస్సులో మథనపడుచునే యుండెను. ఆ సమాధానము మేమును అడిగి తెలిసికొనలేదు. మన పేటలలో నేటికిని ఉన్న వృద్ధులైన జాబర్లను, మేస్త్రీలను యువకులు కూర్చుండబెట్టి అడిగి, వారి మాటలను వారి పేర్లతోనే వచ్చు సంచికకు వ్రాసి పంపవలెనని మా ప్రార్థన. వ్రాతపని చేతగానివారికి మేము లేఖకులుగా ఉండుటకు సిద్ధముగా నున్నాము.